కంపైల్ అయితే సరిపోదు: పాత సీ కోడులోంచి సిస్టమ్ హెడర్లు ఏరేసిన నా అనుభవం

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో డ్రిప్పుకు నీళ్ళు వదిలే కంట్రోలర్ పెట్టెలు చాలామంది చూసే ఉంటారు. బోరు మోటారు ఆన్ చేయడం, ఏ వాల్వు ఎంతసేపు తెరవాలో చూసుకోవడం, కరెంటు పోయి వచ్చాక ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మళ్ళీ మొదలుపెట్టడం, ఇదంతా లోపలున్న చిన్న లినక్స్ బోర్డు మీద నడిచే సీ ప్రోగ్రాం పని. అలాంటి ఒక ప్రోగ్రాం చూసుకునే చిన్న బృందంలో నేనూ ఒకణ్ణి. మా ఆఫీసు కోర్టు రోడ్డుకు దగ్గర్లో, ఒక మెడికల్ షాపు పైన ఉంటుంది. కోడు వయసు ఇరవై ఏళ్ళకు దగ్గర పడింది. మూడొందలకు పైగా ఫైళ్ళు. రాసినవాళ్ళలో సగం మంది ఇప్పుడు బెంగళూరులో ఉన్నారు, కొందరు రిటైరయ్యారు కూడా.

పాత బోర్డులు దొరకడం మానేశాయి. కొత్త బోర్డు 64 బిట్ ఆర్మ్. దాని మీద వచ్చే లినక్స్‌లో సీ లైబ్రరీ, అంటే సీ ప్రోగ్రాములు పిలుచుకునే సిద్ధ ఫంక్షన్ల మూట, మామూలుగా వాడే జీలిబ్‌సీ కాదు, మసల్ అనే ఇంకొకటి. ఆ ఫంక్షన్ల పేర్లను ప్రకటించే .హెచ్ ఫైళ్ళే సిస్టమ్ హెడర్లు. వాటిని ఇన్‌క్లూడ్ అనే లైనుతో ఫైలు పైన పెట్టుకుంటాం. కోడును దాని కంపైలర్‌కు ఇచ్చిన మొదటిరోజే టెర్మినల్ నిండా ఒకటే రకం హెచ్చరిక: ఫలానా ఫైల్లో సిస్/పోల్.హెచ్ అని తప్పుగా పెట్టారు, దాన్ని పోల్.హెచ్‌కు మళ్ళిస్తున్నాం. సిస్/ఎర్‌నో.హెచ్‌కు అదే మాట, సిస్/సిగ్నల్.హెచ్‌కు అదే మాట. హెచ్చరికలే అయితే సర్దుకుపోవచ్చు. కొంతసేపటికి బిల్డు, అంటే ఫైళ్ళన్నీ కంపైల్ చేసి ఒక ప్రోగ్రాంగా కలిపే పని, ఆగిపోయింది. సిస్/సీడెఫ్స్.హెచ్ లేదంది, ఎగ్జెక్‌ఇన్ఫో.హెచ్ లేదంది. రెండూ మసల్‌లో నిజంగానే లేవు. తమాషా ఏమంటే, ఎగ్జెక్‌ఇన్ఫో పెట్టిన ఫైళ్ళలో ఒక్కటి తప్ప ఏదీ ఆ హెడరు ఇచ్చే బ్యాక్‌ట్రేస్‌ను, అంటే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చెప్పే జాబితాను, తీసుకోవడం లేదు. అక్కరలేని హెడరు కోసం బిల్డు ఆగిపోయిందన్నమాట.

అప్పుడు వాల్వు టైమర్ ఫైలు ఒకటి తెరిచి తీరిగ్గా చూశాను. అసలు కోడు డెబ్భై లైన్లు కూడా లేదు. దాని నెత్తిన ఇన్‌క్లూడ్‌లు ఇరవైకి పైన. సిస్/సాకెట్, నెట్‌ఇనెట్/ఇన్, ఆర్పా/ఇనెట్, నెట్‌డీబీ, ఈ నాలుగూ నెట్‌వర్క్‌వి. ఆ ఫైలు నెట్‌వర్క్ జోలికే పోదు. మాలాక్.హెచ్ ఉంది, కిందే స్టడ్‌లిబ్.హెచ్ ఉంది. మెమరీ.హెచ్ ఉంది, స్ట్రింగ్.హెచ్ ఉంది, నాలుగు లైన్ల కింద స్ట్రింగ్.హెచ్ మళ్ళీ ఉంది. ఆ ఫైలు నిజంగా పిలిచేవి మూడే మూడు: క్లాక్_గెట్‌టైమ్, మెమ్‌సెట్, ఎఫ్‌ప్రింట్ఎఫ్. అంటే టైమ్.హెచ్, స్ట్రింగ్.హెచ్, స్టడ్‌ఐఓ.హెచ్ చాలు.

ఇవన్నీ ఎవరో బుద్ధిలేక పెట్టినవని అనుకోకూడదు. ఒక్కొక్కదాని వెనక ఒక కాలం ఉంది. 1989లో సీకి ప్రమాణం రాకముందు ఒక్కో యూనిక్స్‌ది ఒక్కో దారి. సిస్టమ్ ఫైవ్ వాళ్ళు మెమరీ.హెచ్ అన్నారు, బర్క్‌లీ వాళ్ళు స్ట్రింగ్స్.హెచ్ అన్నారు. ఏది ఉంటుందో తెలియక రెండూ పెట్టేవాళ్ళు. సిస్/టైప్స్.హెచ్ సంగతి ఇంకా బాగా తెలిసిందే. పాత మాన్యువల్ పేజీల్లో సాకెట్ పిలవాలంటే ముందు సిస్/టైప్స్ పెట్టాలని రాసి ఉండేది. 2001 నాటి పోసిక్స్, అంటే యూనిక్స్ రకం సిస్టములకు ఉన్న ఉమ్మడి ప్రమాణం, ఆ నియమం అక్కర్లేదంది. కానీ ముందు నేర్చుకున్నవాళ్ళ చేతికి అది అలవాటైపోయింది. వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు అదే కాపీ చేశారు. మా కోడులో కొత్త ఫైలు మొదలుపెట్టడమంటే పాత ఫైలును కాపీ కొట్టి మధ్యలో ఉన్నది చెరిపేయడమే. పైన ఉన్నది ఎవరూ ముట్టుకోరు. అలా తరం తర్వాత తరం ఆ ఇరవై లైన్లూ దిగుతూ వచ్చాయి.

మా బృందంలో పెద్దాయన ఉన్నారు, అందరం అన్న అంటాం. ఈ హెడర్లన్నీ శుభ్రం చేస్తానని చెప్పగానే ఆయన ఒప్పుకోలేదు.

“నడిచేదాన్ని ఏంటికి కదిలిస్తావప్పా? బిల్డు ఆగిన రెండు హెడర్లు తీసెయ్, పని అయిపోతాది. తోటలో పెట్టె ఆగిపోతే రైతు ఫోన్ చేసేది నాకు, నీకు కాదు.”

ఆయన మాటలో న్యాయం ఉంది. కంట్రోలర్ ఆగిపోతే ఎండాకాలంలో చెట్టుకు నీళ్ళు అందవు. పైగా వేగం కోసమైతే ఈ పని చేయడంలో పెద్ద అర్థం లేదని నాకూ తెలుసు. సీలో స్టడ్‌ఐఓ.హెచ్ విప్పితే కొన్ని వందల లైన్లు, అంతే. దాదాపు ప్రతి హెడరుకూ కాపలా మాక్రో (ఒకసారి చదివినట్టు గుర్తుపెట్టే పేరు) ఉంటుంది కాబట్టి రెండోసారి వచ్చినా కంపైలర్ దాన్ని దాటేసిపోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఐఓస్ట్రీమ్ లాంటిది పదుల వేల లైన్లుగా విచ్చుకుంటుంది, అక్కడ లెక్క వేరు. లినక్స్ కెర్నెల్‌లో అయితే ఇంకా వేరు. 2022 జనవరిలో ఇంగో మోల్నార్ అనే కెర్నెల్ డెవలపర్ ఆ హెడర్ల చిక్కుముడి విప్పడానికి 2,200కు పైగా మార్పులను ఒకేసారి బయటపెట్టారు. అంత పెద్ద కోడులో ప్రతి హెడరూ ఇంకో పది హెడర్లను ఈడ్చుకొస్తుంది కాబట్టి బిల్డు సమయం సగానికి సగం తగ్గే అవకాశం ఉంటుంది. మా మూడొందల ఫైళ్ళలో కలిసొచ్చేది ఒక టీ తాగే సమయం కూడా కాదు.

నాకు కావలసింది వేగం కాదు. ఒక ఫైలు తెరిస్తే అది దేని మీద ఆధారపడిందో పై నాలుగు లైన్లు నిజం చెప్పాలి. నెట్‌డీబీ కనబడితే ఈ ఫైలు పేరును అడ్రసుగా మారుస్తుందని అర్థం కావాలి. టెర్మియోస్ కనబడితే సీరియల్ పోర్టు ముట్టుకుంటుందని అర్థం కావాలి. కొత్త బోర్డుకు పోయేటప్పుడు ఏ ఫైళ్ళు జాగ్రత్తగా చూడాలో ఆ లైన్లు చూసే తేల్చుకోవాలి. అన్నకు ఇదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “పాత బోర్డుకు పోయే ప్రోగ్రాం ఒక్క బైటు కూడా మారకూడదు. అట్ల చెయ్యగలిగితే చెయ్” అన్నారు. ఆ షరతే తర్వాత మాకు దారి చూపించింది.

ముందు పరికరాల సంగతి. ఈ పనికి రెండు రకాల పనిముట్లు ఉన్నాయి. ఒక రకం ప్రతి ఇన్‌క్లూడ్ లైనునూ తీసి కంపైల్ చేసి చూస్తుంది, కంపైల్ అయితే ఆ లైను అనవసరం అంటుంది. డీహెడర్ అనేది ఆ దారిలో నడిచేదే. రెండో రకం కోడును చదివి, ఏ పేరు ఏ హెడరులోంచి వచ్చిందో లెక్కగడుతుంది. గూగుల్‌లో పుట్టిన ఇన్‌క్లూడ్ వాట్ యూ యూజ్ అలాంటిది. క్లాంగ్ అనే కంపైలర్ మీద నడుస్తుంది. ఇప్పుడు క్లాంగ్‌డీ అనే దాని తోడు ప్రోగ్రాం కూడా ఎడిటర్‌లోనే వాడని ఇన్‌క్లూడ్‌ల మీద గుర్తు పెట్టి చూపిస్తుంది. మేము రెండో రకాన్ని సలహాదారుగానే వాడుకున్నాం. ఫైళ్ళను దాన్నే మార్చనివ్వలేదు. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

మొదట తీయడం మొదలుపెట్టలేదు, పెట్టడం మొదలుపెట్టాం. ఇది చాలామంది వదిలేసే మెట్టు. మా అందరికీ ఉమ్మడిగా ఒక కామన్.హెచ్ ఉంది. అందులోనే పదిహేను దాకా సిస్టమ్ హెడర్లు. దాన్ని పెట్టుకున్న ప్రతి ఫైలూ తనకు కావలసింది అడగకుండానే పొందుతోంది. అందులోంచి ఒకటి తీస్తే ఎక్కడో నూరు ఫైళ్ళు కూలుతాయి. అందుకని ముందు ప్రతి సీ ఫైలుకూ అది పిలిచే ప్రతి ఫంక్షన్‌కూ మాన్యువల్ పేజీ పై భాగంలో ఏ హెడరు రాసుందో చూసి, ఆ హెడరు ఆ ఫైల్లో నేరుగా ఉండేలా చేశాం. ఆ తర్వాతే కామన్.హెచ్‌ను ముట్టుకున్నాం.

దానికి ముందే ఇంకో తాళం వేసుకోవలసి వచ్చింది. ప్రకటన (ఏం తీసుకుని ఏం తిరిగిస్తుందో చెప్పే లైను) కనబడని ఫంక్షన్‌ను పిలిస్తే పాత సీ దాన్ని ఇంట్ (పూర్ణాంకం) తిరిగిచ్చేదిగా అనుకునేది. 1999 ప్రమాణంలోనే ఆ వెసులుబాటు తీసేశారు. అయినా జీసీసీ కంపైలర్ చాలా ఏళ్ళు హెచ్చరికతో సరిపెట్టుకుంది. 2024లో వచ్చిన జీసీసీ 14తోనే అది మామూలుగా ఎర్రర్ అయింది. మా పాత బోర్డు కంపైలర్ ఇంకా హెచ్చరించి వదిలేసేదే. స్టడ్‌లిబ్.హెచ్ తీసేసిన ఫైల్లో, పాయింటర్ (మెమరీ అడ్రసు) తిరిగిచ్చే గెట్‌ఎన్వ్ ఉందనుకోండి. 32 బిట్ బోర్డులో ఇంట్ నాలుగు బైట్లు, పాయింటర్ కూడా నాలుగు బైట్లు, ఏమీ తెలియదు, హాయిగా నడుస్తుంది. 64 బిట్ బోర్డు మీద ఎనిమిది బైట్ల అడ్రసులో సగం తెగిపోయి, ఆ పాయింటర్‌ను ముట్టుకున్న చోట ప్రోగ్రాం కుప్పకూలుతుంది. ఆ హెచ్చరికను అన్ని బిల్డుల్లోనూ ఎర్రర్‌గా మార్చాకే హెడర్ల మీద చేయి వేశాం.

ఇక అన్న పెట్టిన షరతు. ఒక హెడరు నిజంగా ఎవరికీ పట్టనిదైతే, దాన్ని తీసినా కంపైలర్ పుట్టించే ఆబ్జెక్ట్ ఫైలు బైటుకు బైటు అదే ఉండాలి. తీయకముందు ఒక చెక్‌సమ్ (ఫైల్లోని బైట్లను బట్టి లెక్కగట్టే సంఖ్య), తీశాక ఒక చెక్‌సమ్, రెండూ పోల్చాలి. చెప్పడానికి తేలికే గానీ, మొదటిసారి పోలిస్తే దాదాపు అన్ని ఫైళ్ళూ మారిపోయినట్టు చూపించింది. కారణం లైన్ నంబర్లు. మా లాగ్ మాక్రోలో, అసర్ట్‌లో లైన్ నంబరు ఆబ్జెక్ట్‌లోకి పోతుంది. పైన ఒక లైను తీసేస్తే కిందవన్నీ ఒకటి పైకి జరుగుతాయి. దీనికి విరుగుడు చిన్నదే: ఇన్‌క్లూడ్ లైను తీసేసి దాని చోట ఖాళీ లైను ఉంచడం. లైన్ నంబర్లు కదలవు. అంతా సరిగ్గా ఉందని తేలాక ఖాళీ లైన్లను విడిగా ఇంకో కమిట్‌లో, అంటే విడిగా నమోదు చేసే మార్పులో, తీసేయవచ్చు. ఒక ఫైల్లో బిల్డు తేదీ, సమయం మాక్రోలతో వేసుకునేవాళ్ళం, అది ప్రతిసారీ మారేది. బిల్డు సమయాన్ని బయటినుంచి స్థిరంగా ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను జీసీసీ అర్థం చేసుకుంటుంది, దాంతో అదీ ఆగింది. డీబగ్ సమాచారం లేకుండా బిల్డు చేశాం. అప్పటినుంచి పోలిక నమ్మదగినదిగా మారింది. హెడర్లు తీసిన ఫైళ్ళలో చాలా భాగం ఒక్క బైటు కూడా మారలేదు. మారినవాటిని కూర్చుని ఒక్కొక్కటిగా చూశాం. ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

మొదట దొరికింది లిమిట్స్.హెచ్. ఒక ఫైల్లో కింద మూడు లైన్లున్నాయి: పాత్_మ్యాక్స్ (ఫైలు దారి పొడవుకు పరిమితి) నిర్వచించి లేకపోతే 256 అని నిర్వచించు. ఎప్పుడో ఎవరో జాగ్రత్త కోసం రాసింది. లిమిట్స్.హెచ్ ఉన్నంతకాలం లినక్స్‌లో పాత్_మ్యాక్స్ 4096. హెడరు తీస్తే కంపైలర్ నోరెత్తదు, ఆ మూడు లైన్లు మేలుకుంటాయి, బఫరు 256కు కుంచించుకుపోతుంది. పేరేదీ దొరకలేదనే ఎర్రర్ ఎక్కడా రాదు, ఎందుకంటే కోడు తన దారి తాను చూసుకుంది. తీసి కంపైల్ చేసి చూసే పనిముట్టు దీన్ని కచ్చితంగా అనవసరం అనేది. పోలికలో మాత్రం ఆ ఫంక్షన్ స్టాకులో తీసుకునే చోటు తగ్గినట్టు వెంటనే కనబడింది.

రెండోది లిబ్‌జెన్.హెచ్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మా కంట్రోలర్ ప్రతి తోటకూ ఒక డైరెక్టరీ పెట్టుకుంటుంది. టెక్నీషియన్ సెట్టింగుల్లో దాని దారి ఇస్తాడు: డేటా, దాని కింద నార్పల, అలా. సర్వర్‌కు పంపే ఫైలు పేరులో ఆ తోట పేరు ఉండాలి కాబట్టి, ఆ దారిలో చివరి ముక్కను బేస్‌నేమ్ అనే ఫంక్షన్‌తో తీసుకుంటాం. చాలామంది టెక్నీషియన్లు దారి చివర గీత (/) కూడా కొడతారు. అది తప్పేమీ కాదు.

జీలిబ్‌సీలో బేస్‌నేమ్‌లు రెండున్నాయి. ఒకటి పోసిక్స్ చెప్పినట్టు నడిచేది, అది లిబ్‌జెన్.హెచ్‌తో వస్తుంది. దారి చివర గీత ఉన్నా దాన్ని పక్కనపెట్టి నార్పల అనే ఇస్తుంది. ఆ క్రమంలో మనమిచ్చిన స్ట్రింగ్‌ను మార్చనూ వచ్చు. రెండోది జీలిబ్‌సీని తయారుచేసే గ్నూ వాళ్ళది, గ్నూ విస్తరణలు కావాలని చెబితే స్ట్రింగ్.హెచ్‌తోనే వచ్చేస్తుంది. అది స్ట్రింగ్‌ను ముట్టుకోదు. కానీ చివర గీత ఉంటే ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. బిల్డు ఎలా చేయాలో చెప్పే మా మేక్‌ఫైల్లో గ్నూ విస్తరణలు ఎప్పటినుంచో ఆన్‌లో ఉన్నాయి. అందుకని లిబ్‌జెన్.హెచ్ తీసేస్తే కంపైలర్‌కు బేస్‌నేమ్ ఇంకా కనబడుతూనే ఉంటుంది. హెచ్చరిక లేదు, ఎర్రర్ లేదు. పిలుపు మాత్రం ఇంకో ఫంక్షన్‌కు పోతుంది.

ఆబ్జెక్ట్ ఫైలు మారిందని స్క్రిప్టు చెప్పగానే ఎన్ఎమ్ కమాండుతో రెండింట్లోనూ బయటి పేర్లు చూశాను. తీయకముందు అక్కడ ఎక్స్‌పీజీ అనే ముందుపేరుతో బేస్‌నేమ్ ఉంది. పోసిక్స్ రకానికి జీలిబ్‌సీ లోపల పెట్టుకున్న పేరది, లిబ్‌జెన్.హెచ్ ఒక మాక్రోతో మన పిలుపును అక్కడికి మళ్ళిస్తుంది. తీశాక ఉత్త బేస్‌నేమ్ ఉంది. ఒక్క పేరు తేడా. ఇది తోటకు పోయి ఉంటే, చివర గీత పెట్టిన ప్రతి కంట్రోలరూ పేరులేని ఫైలు పంపేది, సర్వర్‌లో ఒకదాని మీద ఒకటి పడి రాతలు పోయేవి. ఇంకో సంగతి కూడా ఉంది. మసల్‌లో గ్నూ రకం లేనే లేదు, పోసిక్స్ రకమే ఉంది. కాబట్టి స్ట్రింగ్.హెచ్‌లో బేస్‌నేమ్‌ను ఇంకా ప్రకటించే మసల్ వెర్షన్ ఉన్న కొత్త బోర్డు మీద ఎంత పరీక్షించినా ఇది బయటపడేది కాదు. తోటల్లో ఇప్పటికే ఉన్న పాత బోర్డుల మీదే పడేది.

ఆ లైను పక్కన ఇప్పుడు వ్యాఖ్య ఉంది: బేస్‌నేమ్ పోసిక్స్ రకమే కావాలి, తీయవద్దు. పనిముట్టుకు కూడా అర్థమయ్యేలా ఉంచు అనే దాని గుర్తును చేర్చాం.

మూడోది ఫైలు సైజుల సంగతి. పాత 32 బిట్ బోర్డు మీద జీలిబ్‌సీలో ఆఫ్_టీ (ఫైలు సైజును, ఫైల్లో చోటును చెప్పే సంఖ్య రకం) మామూలుగా నాలుగు బైట్లు. ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్ అనే మాక్రోను 64గా నిర్వచిస్తే ఎనిమిది అవుతుంది. అయితే ఆ నిర్వచనం మొట్టమొదటి సిస్టమ్ హెడరు కంటే ముందు రావాలి. మా దగ్గర అది కాన్ఫిగ్.హెచ్‌లో ఉండేది. పనిముట్టును ఫైళ్ళు మార్చనిస్తే ఇన్‌క్లూడ్‌లను తన వరసలో సర్దుతుంది. ఆ సర్దుడులో కాన్ఫిగ్.హెచ్ ఏదైనా సిస్టమ్ హెడరు కిందికి పోతే ఆ ఒక్క ఫైల్లో ఆఫ్_టీ నాలుగు బైట్లు, మిగతా ఫైళ్ళలో ఎనిమిది. రెండు ఫైళ్ళూ ఒకే స్ట్రక్చర్‌ను పంచుకుంటే ఒకరు రాసింది ఇంకొకరు తప్పుగా చదువుతారు. అందుకే మార్పులన్నీ చేత్తోనే చేశాం. ఆ నిర్వచనాన్ని కూడా కాన్ఫిగ్.హెచ్‌లోంచి తీసి మేక్‌ఫైల్లోనే కంపైలర్‌కు నేరుగా ఇచ్చేశాం. ఇక వరస ఎటు మారినా దానికి భయం లేదు.

బైట్ల పోలిక ఇంత పనికొచ్చింది కదా, అదే చాలనిపిస్తుంది. చాలదు. జేఎన్‌టీయూలో చదివి కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఈ పనిలో నాతో కూర్చునేది. ఒకరోజు నన్ను అడిగింది:

“అన్నా, ఈ ఫైల్లో సిస్/సెలెక్ట్ తీసేసినా కంపైల్ అవుతాంది. ఆబ్జెక్ట్ కూడా మారలేదు. తీసేద్దామా?”

ఆ ఫైలు సెలెక్ట్ పిలుస్తోంది. ఎఫ్‌డీ_సెట్ వాడుతోంది. అయినా హెడరు లేకుండా ఎలా కంపైల్ అయింది? కంపైలర్‌కు హెచ్ అనే ఆప్షన్ ఇచ్చి, ఏ హెడరు దేన్ని లాక్కొస్తోందో చెట్టులా అచ్చు వేయించి చూపించాను. జీలిబ్‌సీలో స్టడ్‌లిబ్.హెచ్ లోపల సిస్/టైప్స్ వస్తుంది, సిస్/టైప్స్ లోపల సిస్/సెలెక్ట్ వస్తుంది. మాలాక్ కోసం పెట్టుకున్న స్టడ్‌లిబ్ చాటుగా సెలెక్ట్‌ను కూడా తెచ్చిపెడుతోంది. మసల్‌లో స్టడ్‌లిబ్ అలా తేదు. తన ల్యాప్‌టాప్‌లో ఉన్నది జీలిబ్‌సీ కాబట్టి అంతా బాగున్నట్టే కనబడింది. కొత్త బోర్డు కంపైలర్‌కు ఇవ్వగానే సెలెక్ట్ ఎవరో తెలియదంది.

జీలిబ్‌సీలో కూడా ఈ చాటు సరఫరా ఎప్పటికీ ఉంటుందని లేదు. సిస్/టైప్స్.హెచ్ ఒకప్పుడు మేజర్, మైనర్ అనే మాక్రోలను కూడా తెచ్చేది. జీలిబ్‌సీ 2.25లో వద్దని ప్రకటించి, 2018లో వచ్చిన 2.28లో నిజంగానే ఆపేశారు. సిస్/సిస్‌మాక్రోస్.హెచ్ నేరుగా పెట్టుకోని ప్రోగ్రాములు ఆ రోజు కంపైల్ కాకుండా నిలబడ్డాయి. జీసీసీ 13 వచ్చినప్పుడు సీ ప్లస్ ప్లస్ వాళ్ళకు సీస్టడ్‌ఇంట్ హెడరుతో ఇదే జరిగింది.

ఆ తర్వాత మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక హెడరు తీయాలంటే రెండు ప్రశ్నలకూ సమాధానం దొరకాలి. ఈ ఫైలు ఆ హెడరు ఇచ్చే పేరు ఏదైనా, అది ఫంక్షన్ కానీ టైపు కానీ మాక్రో కానీ, వాడుతోందా? వాడుతుంటే ఉంచాలి, వేరే హెడరు చాటుగా తెస్తున్నా సరే. వాడకపోతే తీసి, ఆబ్జెక్ట్ మారిందా చూడాలి. మారితే ఎందుకు మారిందో తెలిసేదాకా ఆ లైను జోలికి పోకూడదు. మొదటి ప్రశ్నకు కంపైలర్ సమాధానం చెప్పలేదు, మాన్యువల్ పేజీ చెబుతుంది. రెండోదానికి మాన్యువల్ చెప్పలేదు, చెక్‌సమ్ చెబుతుంది. సెలెక్ట్ లాంటివి మొదటి జల్లెడలో ఆగుతాయి, ఒకే పేరు రెండు హెడర్లలో ఉండి మొదటి జల్లెడను తప్పించుకునే బేస్‌నేమ్ లాంటివి రెండో జల్లెడలో ఆగుతాయి.

ఇంకో చిక్కు ఇఫ్‌డెఫ్‌లది, అంటే ఒక ఆప్షన్ ఆన్‌లో ఉంటేనే కంపైలయ్యే ముక్కలది. సిస్‌లాగ్.హెచ్ ఒక ఫైల్లో పూర్తిగా వాడనట్టే కనబడింది. కాస్త కిందికి పోతే, సర్వర్ లేని చోట లాగులు స్థానికంగా రాసే ఆప్షన్ ఆన్ చేసినప్పుడు మాత్రమే సిస్‌లాగ్ పిలిచే ముక్క ఉంది. మామూలు బిల్డులో ఆ ముక్క కంపైలర్ కంటికే పడదు. పనిముట్లన్నీ తమ ముందున్న ఒక్క కాన్ఫిగరేషన్‌నే చూస్తాయి. అందుకని పాత బోర్డు, కొత్త బోర్డు, ల్యాప్‌టాప్ మీద నడిచే సిమ్యులేటర్, ఒక్కోదానికి ఆప్షన్లు ఉన్నా లేకున్నా, అన్ని కలయికలనూ రాత్రిపూట వరసగా బిల్డు చేసే స్క్రిప్టు పెట్టాం. ఒక్క ఆప్షన్ కోసమే అవసరమైన హెడరును అదే ఇఫ్‌డెఫ్ లోపలికి జరిపాం.

మా సొంత హెడర్లను చివరి పనిగా పెట్టుకున్నాం, ఎందుకంటే అవి కదిలితే అందరూ కదులుతారు. ప్రతి హెడరునూ ఒంటరిగా కంపైలర్‌కు ఇచ్చి, ఎవరి సాయం లేకుండా నిలబడుతుందా అని చూశాం. సైజ్_టీ అనే టైపు మాత్రమే కావలసిన హెడర్లో స్టడ్‌ఐఓ, స్టడ్‌లిబ్ రెండూ ఉండేవి, స్టడ్‌డెఫ్.హెచ్ ఒక్కటి చాలింది. ప్రతి సీ ఫైల్లోనూ దాని సొంత హెడరును సిస్టమ్ హెడర్లకంటే ముందు పెట్టాం. అలా పెడితే ఆ హెడరుకు ఏదైనా తక్కువైతే దాని సొంత ఫైలే ముందు చెప్పేస్తుంది. కామన్.హెచ్‌లో సిస్టమ్ హెడర్లు పదిహేను దాకా ఉండేవి, ఇప్పుడు రెండే ఉన్నాయి: స్టడ్‌ఇంట్, స్టడ్‌బూల్. ఆ రెండూ ఆ హెడరు తన ప్రకటనల్లో నిజంగా వాడుకునేవే.

కమిట్‌ల విషయంలో నా పట్టుదల ఒకటే. ఒక కమిట్‌లో ఒక హెడరు. మాలాక్.హెచ్ తీసేత ఒకటి, మెమరీ.హెచ్ తీసేత ఒకటి, సిస్/పోల్‌ను పోల్‌గా మార్చడం ఒకటి. అన్నీ కలిపి ఒకే పెద్ద మూటగా పెడితే, రేపు ఏదైనా తోటలో తేడా వస్తే ఎక్కడ వెతకాలో తెలియదు. మాలాక్.హెచ్ కమిట్‌లో మాత్రం ఒక ఫైలు మినహాయింపు ఉంది. అందులో మెమరీని సిస్టమ్‌కు తిరిగిచ్చే మాలాక్_ట్రిమ్ పిలుస్తాం, అది జీలిబ్‌సీ సొంతం, మాలాక్.హెచ్‌లోనే ఉంటుంది. మిగతా అన్నిచోట్లా స్టడ్‌లిబ్ చాలు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో యూనిక్స్ రకం సిస్టమ్‌లో అయితే మాలాక్.హెచ్ పెట్టగానే స్టడ్‌లిబ్ వాడమని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. అంత కచ్చితంగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

పాత బోర్డు ప్రోగ్రాం ముందుదానితో పోల్చినప్పుడు చెక్‌సమ్ ఒక్కటే వచ్చింది. అన్న రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని తానే స్వయంగా పోల్చి చూశారు. తర్వాత ఖాళీ లైన్లు తీసే కమిట్‌కు కూడా ఆయనే అనుమతి ఇచ్చారు. కొత్త బోర్డు బిల్డులో దారి మళ్ళింపు హెచ్చరికలు ఇక లేవు. వాల్వు టైమర్ ఫైలు పైన ఇప్పుడు మా సొంత హెడరు, దాని కింద మూడు లైన్లు.

మిగిలింది సీరియల్ పోర్టు ఫైలు. ఫ్లో మీటర్‌తో మాట్లాడే వేగం మామూలు పట్టికలో లేనిది కాబట్టి అందులో ఏఎస్ఎమ్/టెర్మ్‌బిట్స్.హెచ్ కావాలి. అది టెర్మియోస్.హెచ్‌తో ఒకే ఫైల్లో ఇమడదు, రెండూ ఒకే స్ట్రక్చర్‌ను నిర్వచిస్తాయి. పాతవాళ్ళు ఏవో మాక్రోలతో ఒకదాని పేరు మార్చి ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టారు. దాన్ని రెండు ఫైళ్ళుగా విడదీయాలి, అప్పుడు ఆబ్జెక్ట్ ఎలాగూ మారుతుంది, చెక్‌సమ్ అక్కరకు రాదు. బోర్డుకు నిజం మీటరు తగిలించి చూడాల్సిందే. గార్లదిన్నె దగ్గర ఒక తోట రైతు కోత అయిపోయాక తన కంట్రోలర్‌తో పరీక్షించుకోమన్నారు. ఆ మార్పు కోసం కోడులో విడిగా పెట్టుకున్న బ్రాంచిని ఆ కొత్తమ్మాయి పేరు మీదే తెరిచాం.